పగటిపూట చెప్పిన కథ

మొన్న శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం ఖమ్మంలో మా ఇంటి వసారాలో కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుకుంటున్నాను. బయట ఉదయం నుంచీ ముసురు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా మనవరాలు పక్కనే చాప మీద పడుకుని, ఫోనును నీళ్ళ చెంబుకు ఆనించి, పరీక్షకు పాఠం వింటోంది. ఈ కాలపు చదువు ఎట్లా ఉందంటే, ఒక మనిషి పుట్టుక, పెంపకం, పడిన కష్టాలు, రాసిన పుస్తకాలు, చావు అన్నీ కలిపి హుషారు గొంతువాడొకడు పది నిమిషాల్లో చెప్పేస్తాడు, మధ్యలో సబ్బు ప్రకటన కూడా వస్తుంది. నేను పెద్దగా పట్టించుకోలేదు. అంతలో ఆ గొంతు, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండులో ఒక ఏటి ఒడ్డున, పడవ నడిపేవాడి ఇంట్లో ఆవిడ పుట్టింది అని మొదలుపెట్టింది. నా చేతిలోని కాయ చేతిలోనే ఆగిపోయింది.

ఆపెయ్యమన్నాను. ఎందుకు నానమ్మా అంది. మీ నాన్న ఇంకా దారిలోనే ఉన్నాడు, ఇంటికి వచ్చాక విందువుగాని అన్నాను. మా అబ్బాయికి భద్రాచలంలో ఉద్యోగం, శనివారం శనివారం బస్సులో ఇంటికి వస్తాడు. పగలు కథ చెప్పుకుంటే దారిలో ఉన్నవాళ్ళు దారి తప్పుతారని మా పెద్దవాళ్ళు అనేవారని చెబితే, అది పొట్ట పట్టుకుని నవ్వింది. ముప్పై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పి, మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాయించి, వాటికి మార్కులు వేసి, పెన్షను తీసుకుంటున్న మనిషి అనాల్సిన మాటేనా అది? నవ్వనీ అనుకున్నాను. ఇంచుమించు దాని వయసులో నేనూ అట్లాగే నవ్వాను. ఆ నవ్వు ఎంతదూరం పోయిందో నలభై ఏళ్ళు దాటినా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది, నా ఈడు వాళ్ళు వింటారన్న ధైర్యంతో.

మన రోజుల్లో పదో తరగతి ఇంగ్లీషు వాచకంలో ఆ రచయిత్రి మీద నాలుగు పేజీల పాఠం ఉండేది, మీలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. పాఠం పైన ఆవిడ బొమ్మ, గడ్డం కింద రిబ్బను కట్టిన టోపీ, బిగించిన పెదవులు, ఎవరో అప్పుడే మందలించి కూర్చోబెట్టినట్టు ముఖం. కింద, ఆవిడ జీవితం, ముఖ్య రచనల గురించి రాయుము అని పది మార్కుల ప్రశ్న. ఆవిడ పేరు మాత్రం ఇక్కడ రాయను. పలకడం మానేసి చాలా కాలమైంది, ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టలేను.

నాకు మొదటి ఉద్యోగం వచ్చినప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మా పుట్టింటివాళ్ళది కుసుమంచి. గుడి, చెరువు, పొలాలు తప్ప అడవి అంటే ఏమిటో తెలియనిదాన్ని, జూలూరుపాడు మీదుగా పోయే బస్సెక్కించి, భద్రాచలం రోడ్డులో ఒక మలుపు దగ్గర దింపి, అక్కడి నుంచి రెండు మైళ్ళు నడిపించి మా నాన్న ఒక ఆశ్రమ పాఠశాల గుమ్మంలో వదిలిపెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆడపిల్లల బడి అది. చుట్టుపక్కల గూడేల పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. నాకు ఒక గది, ఒక మంచం, ఒక లాంతరు. పెద్ద టీచరుగారు అని మేమంతా పిలిచే హెడ్మిస్ట్రెస్ మంచి మనిషే కాని, ఆవిడ మాట్లాడితే రిజిస్టరు గురించి, లేకపోతే మోకాళ్ళ నొప్పుల గురించి.

ఊరికి ఒక చివర బడి. బడి వెనకాల వంటశాల. వంటశాల దాటి వందడుగులు నడిస్తే వాగు. ఎండాకాలంలో ఆ వాగును పిల్లలు పావడాలు పైకెత్తకుండా దాటేవారు. వానలు పడ్డాక దాని సంగతి వేరు. అవతలి గట్టంతా అడవి, అడవి వెనక గుట్ట. ఆషాఢం వెళ్ళిందంటే మధ్యాహ్నం మూడు గంటలకే గుట్ట మీది నుంచి మంచు దిగి, చెట్లను ఒక్కొక్కటిగా తినేసి, వాగు మీదికి వచ్చి కూర్చునేది. అప్పుడు నీళ్ళ చప్పుడు వినిపించేది కాని నీళ్ళు కనిపించేవి కావు. ఆ చప్పుడుకు అలవాటు పడటానికి నాకు నెల పట్టింది. అలవాటు పడ్డాననుకున్న తరువాత కూడా ఒక్కోసారి పాఠం మధ్యలో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టయి తల తిప్పేదాన్ని.

మా బడిలో వండే ఆమె ఆ ఊరి కోడలే. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయేమో. ఆమె పెద్దకూతురు మా బడిలోనే పదో తరగతి. భర్త వ్యవసాయం, కూలి, అడవిలో దొరికినప్పుడు తేనె, పుట్టగొడుగులు. నెమ్మదైన మనిషి, వారానికొకసారి కట్టెలు వేయడానికి వస్తే, వేసి, కూతురు క్లాసు కిటికీలోంచి ఒకసారి చూసి, పలకరించకుండానే వెళ్ళిపోయేవాడు. వంటామెకు ఒక పని ఉండేది, దానికి జీతం లేదు, ఎవరూ చెప్పిందీ కాదు. వానాకాలం మంచు దిగిన వేళ అవతలి గుట్ట మీది నుంచి వచ్చేవాళ్ళు గట్టు చేరేముందు ఒక కేక వేసేవారు. ఆ కేక విన్నవెంటనే ఆమె ఏ పని చేస్తున్నా వదిలేసి, అన్నం గుండిగ మూత పట్టుకుని వాగు ఒడ్డుకు పోయి, రాళ్ళు పరిచిన చోట నిలబడి, ఇనుప గరిటెతో దాని మీద కొడుతూ ఉండేది. అవతలివాళ్ళు ఆ చప్పుడును పట్టుకుని సరిగ్గా అక్కడే దిగి దాటేవారు. నాలుగు గజాలు పక్కన దిగితే మడుగు. ఆమెకు ముందు ఆమె అత్త కొట్టేదట. నేను చేరిన మొదటి వారంలోనే పెద్ద టీచరుగారు ఇదంతా చెప్పారు. కాబట్టి నాకు తెలియక జరిగిందని చెప్పుకునే వీలు లేదు.

ఇక ఆ పాఠం. పిల్లలకు ఇంగ్లీషులో రెండు వాక్యాలు చదివితే మూడో వాక్యానికి కునుకు వచ్చేది. బట్టీ పట్టమంటే పట్టేవారు, మర్నాటికి జారిపోయేది. ఇది చదువా, శిక్షా అని నాకు చిరాకు పుట్టి, ఒకరోజు పుస్తకం మూసేసి, ఆవిడ కథను తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. డిగ్రీలో ఆవిడ నా అభిమాన రచయిత్రి, పుస్తకాలన్నీ చదివినదాన్ని. చిన్నప్పుడే తల్లి పోతే, సముద్రంలో కలిసే ఏటి ఒడ్డున తండ్రి పడవ కోసం ఎదురుచూస్తూ పెరిగిందనీ, పొగమంచు కమ్మిన రోజుల్లో తండ్రికి ఒడ్డు తెలియడం కోసం ఆ ఎనిమిదేళ్ళ పిల్ల రేవులో వేలాడదీసిన గంట కొడుతూ ఉండేదనీ చెప్పాను. పిల్లలు నిటారుగా కూర్చున్నారు. ఆ టోపీ ఆవిడ, ముఖం చిట్లించుకున్న ఆవిడ, ఒకప్పుడు తమలాంటి పిల్లే అని వాళ్ళకు మొదటిసారి తట్టింది. అప్పటి నుంచి ఆవిడకు మా క్లాసులో టోపీ అమ్మ అని పేరు.

కిటికీ దగ్గర చప్పుడైతే చూశాను. వంటామె చేతిలో చేటతో నిలబడి ఉంది. గంట సంగతి విని ఆగిపోయిందని ముఖం చూస్తేనే తెలిసింది. క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, తల వంచుకుని ఒక మాట అంది.

"టీచరమ్మా, మంచిగ చెప్తున్నవ్ గని, పగటిపూట కథ చెప్పకు. తొవ్వల ఉన్నోళ్ళు తొవ్వ తప్పుతరు. దీపం పెట్టినంక, అందరు ఇంటికొచ్చినంక చెప్పు."

ఇది కథ కాదు, పాఠం అన్నాను. పాఠాలు పగలే చెప్పాలని సర్కారు రూలు అని కూడా అన్నాను, ఎంత తెలివిగా అన్నానో అని లోపల మురిసిపోతూ. పెద్ద టీచరుగారికి చెబితే ఆవిడా నవ్వారు. వంటామె మాత్రం నవ్వలేదు. అయితే మర్నాడు అదే వేళకు తలుపు దగ్గరికి వచ్చి కూర్చుంది. వద్దన్న మనిషే రావడం నాకు పెద్ద గెలుపుగా తోచింది. ఆమె కోసం ఒక చాప కూడా వేయించాను.

ఆ టోపీ అమ్మ తన నవలలను పత్రికలో నెలకొక భాగం చొప్పున అచ్చు వేయించేది. ఎక్కడ ఆపితే జనం నెలంతా నిద్రపోరో ఆవిడకు బాగా తెలుసు. నేను అదే పద్ధతి పట్టుకుని రోజుకొక భాగం చెప్పి, సరిగ్గా ప్రాణాలు ఉగ్గబట్టుకునే చోట ఆపేసేదాన్ని. ఆవిడ పెద్దింటి పిల్లలకు చదువు చెప్పే కొలువు చేస్తూ, వాళ్ళు పడుకున్నాక భోజనాల బల్ల మీద దొంగతనంగా రాసుకున్న సంగతి చెప్పాను. ఆడదాని రాతలు ఎవరు చదువుతారని మగవాడి పేరు పెట్టుకుని లండనుకు పంపడం, అక్కడి పెద్దమనుషులు ఆహా మగధీరుడి కలం అని మెచ్చుకోవడం, రాసింది ఆడమనిషని బయటపడ్డాక అవే పుస్తకాల్లో ఆ పెద్దమనుషులకే వందతప్పులు కనపడటం చెబితే, పిల్లలు ఆ పెద్దమనుషులను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. వంటామె మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మొదటి నవల మగ్గాలు ఆగిపోయిన ఒక ఊరి గురించి. పొగగొట్టాల మిల్లు వచ్చి నేతగాళ్ళ పొట్ట కొడితే, ఇళ్ళల్లో మగ్గాల చప్పుడు లేక పసిపిల్లలకు నిద్రపట్టని ఊరు. రెండోది, తమ చర్చి గంట మోగినప్పుడల్లా ఎవరో ఒకరు చచ్చిపోతున్నారని భయపడి, ఆ గంటను దించి మట్టిలో పాతిపెట్టిన జనం గురించి. పాతిపెట్టాక కూడా చావులు ఆగవు, పైగా ఎవరు పోయారో కూడా ఊరికి తెలియకుండా పోతుంది. ఆ భాగం చెప్పిన రోజు వాన చినుకులు పెంకుల మీద పడుతుంటే అందరూ పైకి చూశారు. వంటామె లేచి వెళ్ళి, బయట ఆరబెట్టిన గుండిగ మూతను లోపలికి తెచ్చి తన పక్కన పెట్టుకుని మళ్ళీ కూర్చుంది. ఆ మధ్య రెండుసార్లు అవతలి నుంచి కేక వినిపించి ఆమె కథ మధ్యలో లేచి పరుగెత్తింది. ఆ మోతకు నా పాఠం చెదిరిపోయి నాకు ఒళ్ళు మండింది. ఇంకాస్త దూరంగా కొట్టుకోరాదా అని ఒకసారి విసుక్కున్నాను కూడా. దూరంగా ఎక్కడికి పోతుంది? రాళ్ళు అక్కడే కదా ఉన్నాయి.

మూడో నవల ఆవిడ చివరిది. అందులో పడవవాడూ, అతని భార్యా. అది ఆవిడ తన తండ్రిని తలుచుకుని రాసిందే. ఏరు పొంగిన రోజుల్లో అవతలి ఒడ్డున ఒక బాలింతకు ప్రాణం మీదికి వచ్చిందని కబురొస్తే, వద్దంటున్నా వినకుండా పడవవాడు మంత్రసానిని ఎక్కించుకుని పోతాడు. పోతూ పోతూ భార్యతో, తిరిగి వచ్చేటప్పుడు కేకేస్తాను, గంట కొట్టు అని చెప్పిపోతాడు. పొగమంచు కమ్ముకుంటుంది.

ఆ భాగం చెప్పాల్సిన రోజు ఉదయం నుంచే ఆకాశం కిందికి వంగి ఉంది. వంటామె భర్త రెండు రోజుల కిందట గుట్ట అవతల చెల్లెలి ఊరికి నాట్లలో సాయానికి పోయాడని, ఆ రోజో మర్నాడో వస్తాడని నాకు తెలుసు. రాత్రంతా పడిన వానకు వాగు రంగు మారింది. పెద్ద టీచరుగారు పిల్లలను వెనక వైపు పోవద్దన్నారు. మధ్యాహ్నం మూడయ్యేసరికి మంచు వంటశాల గోడదాకా వచ్చింది. క్లాసు గదిలో చీకటి. కిటికీలోంచి జల్లు కొట్టి ముందు బల్ల పిల్లల పుస్తకాలు తడుస్తున్నాయి. అయినా ఎవరికీ కదలబుద్ధి కాలేదు. నేనూ ఎప్పుడూ లేనంత బాగా చెబుతున్నానని నాకే తెలుస్తోంది. గొంతు తగ్గించి, ఒక్కొక్క మాటా లెక్కపెట్టి వదులుతున్నాను. వంటామె తలుపు దగ్గర మోకాళ్ళు దగ్గరికి తీసుకుని, కళ్ళు నా ముఖం మీది నుంచి తిప్పకుండా కూర్చుంది.

పడవవాడి భార్య రేవులో నిలబడింది. మంచులో ఏమీ కనపడటం లేదు. దూరంగా ఏదో వినపడినట్టయింది, మనిషి గొంతో, నీటిపక్షో తెలియలేదు. అక్కడిదాకా చెప్పాను. సరిగ్గా అప్పుడే నాకు కేక వినిపించింది.

కథలోది కాదు. వాగు అవతలి నుంచి. సన్నగా, సాగదీసినట్టు, నీళ్ళ హోరు కింద. ఒక్కసారి. అది మనిషి కేక కాదేమో, నెమలేమో అని ఆ క్షణంలో అనుకున్నానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మనిషి కేకే అని తెలుసు. రెండో బల్లలో కూర్చున్న వంటామె కూతురు చటుక్కున తల తిప్పింది. ఇటు చూడు అన్నాను. కథ తెగిపోతుందని నా భయం. ఇంతమంది ఊపిరి బిగబట్టి నా మాట కోసం ఎదురుచూడటం జీవితంలో అదే మొదటిసారి, అది చేజారిపోతుందని. జల్లు పడుతోంది అంటూ లేచి వెళ్ళి, కిటికీ తలుపులు మూసి గడియ పెట్టాను. ఆమె వినలేదనే అనుకున్నాను. వింటే లేచేది కదా.

తిరిగి వచ్చి కథ అందుకున్నాను. భార్య చేయి చాచి గంట తాడు పట్టుకుంది అని చెప్పి, ఆపాను. పిల్లలు తరువాత తరువాత అన్నారు. తరువాత లేదన్నాను. ఈ భాగం అచ్చుకు పంపాక ఆవిడ రొమ్ము జబ్బుతో మంచమెక్కి, నలభై మూడో ఏట చచ్చిపోయింది, చివరి భాగం రాయలేదు, పుస్తకం అక్కడితో ఆగిపోయింది అని చెప్పాను. అదే ఆ పాఠంలో నేను దాచిపెట్టుకున్న పెద్ద విశేషం. వంటామె నోరు తెరిచి ఒక్కటే అడిగింది.

"గంట కొట్టిందా టీచరమ్మా?"

తెలియదన్నాను. రాసినావిడకే తెలియాలి, ఆవిడ లేదు అన్నాను. ఆమె మూత తీసుకుని లేచి వెళ్ళింది. కాసేపటికి వాగు ఒడ్డు నుంచి గరిటె చప్పుడు వినిపించింది. అవతలి నుంచి ఇంకో కేక రాకుండానే ఆమె కొడుతోంది. దీపాల వేళ దాటేదాకా కొడుతూనే ఉంది. నేను నా గదిలో మంచం మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ, మర్నాడు వస్తాడులే, ఈ వానలో చెల్లెలు ఎందుకు బయల్దేరనిస్తుంది అని నాకు నేను ధైర్యం చెప్పుకున్నాను.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు చెల్లెలి ఊరి నుంచి మనిషి వచ్చి, మొన్న మధ్యాహ్నమే బయల్దేరాడే, కూతురికి ఇష్టమని మొక్కజొన్న కంకులు మూట కట్టించుకుని పోయాడే అన్నాడు. ఊరంతా వాగు వెంబడి దిగువకు వెతుక్కుంటూ పోయింది. అతని గొంగడి ఒక్కటే దొరికింది, మడుగు దాటాక మద్దిచెట్టు వేళ్ళకు చిక్కుకుని. మనిషి దొరకలేదు. ఆ వాగు కొంతదూరం పోయి గోదావరిలో కలుస్తుంది, ఆ తరువాత ఎక్కడని వెతుకుతారు?

ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్కమాట అనలేదు. తిడితే బాగుండేది. ముగ్గురు పెద్దమనుషులు వచ్చి, పెద్ద టీచరుగారి ముందు నిలబడి, ఇంగ్లీషు చెప్పండమ్మా గాని కథలు పెట్టకుండా చెప్పండి అని చేతులు జోడించి అడిగి వెళ్ళారు. పెద్ద టీచరుగారు, వీళ్ళ పిచ్చినమ్మకాలు నువ్వు మనసులో పెట్టుకోకు అని నన్ను ఓదార్చారు. కథ వల్ల ఎవరైనా దారి తప్పుతారా అన్నారు. నేను తలూపాను. ఆ నమ్మకంలో పిచ్చి ఎంతమాత్రం లేదని అప్పటికే నాకు తెలిసిపోయింది. పగలు జనం దారుల్లో ఉంటారు, ఇంట్లో ఉన్నవాళ్ళ చెవులు ఆ దారిలో ఉన్నవాళ్ళవి. ఆ చెవులను కథ ఎత్తుకుపోతుంది. ఆ పెద్దవాళ్ళు అంతకంటే ఏమీ చెప్పలేదు. చదువుకున్న నాకు అది అర్థం కావడానికి ఒక ప్రాణం ఖర్చయింది.

పదిరోజుల తరువాత వంటామె మళ్ళీ పనిలోకి వచ్చింది. ఒక సాయంత్రం నా గది గుమ్మం దగ్గర నిలబడి, గంట కొట్టిందనే చెప్పు టీచరమ్మా, ఉత్తగనే చెప్పు అని అడిగింది. ఒక్కమాట, అది చాలు ఆమెకు. పుస్తకంలో లేనిది నేను చెప్పకూడదన్నాను. పుస్తకం మీద భక్తితో అన్న మాట కాదది. కొట్టింది అన్న మాట నోట్లోంచి వస్తే దాని వెనకే, నేను కేక విన్నాను, కిటికీ మూశాను అన్నది కూడా వచ్చేస్తుందని భయం. ఆమె అలవాటు ప్రకారం నా లాంతరు తుడిచి వెలిగించి వెళ్ళిపోయింది.

ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో ఆ పది మార్కుల ప్రశ్నే వచ్చింది. వంటామె కూతురు జీవితం రాసి, మొదటి నవల రాసి, రెండో నవల రాసి, మూడోది రాయకుండా వదిలేసి వచ్చిందట. ఎందుకని నేను అడగలేదు. ఆ పిల్లా చెప్పలేదు. ఇంకో రెండేళ్ళకు నాకు బదిలీ అయింది. నేను బస్సెక్కడానికి నడిచిపోతుంటే, వెనక వాగు ఒడ్డున ఎవరికోసమో ఆమె మూత కొడుతున్న చప్పుడు మలుపుదాకా వినిపించింది. తరువాత ఎన్నో బడుల్లో పనిచేశాను. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నోట్సు చెప్పి రాయించాను, ఒక్క కథా చెప్పలేదు. మంచి ఇంగ్లీషు టీచరు గాని కాస్త ఎండుగడ్డి అని పిల్లలు అనుకునేవారని తెలుసు.

ఇప్పుడు మనవరాలి ఫోను దగ్గరికి వస్తాను. నేను ఆపమన్నా అది ఆపలేదు, చెవుల్లో పెట్టుకుని వింది. విన్నాక నా దగ్గరికి వచ్చి, నువ్వు భయపడేంత కథేం కాదు నానమ్మా, చివరికి పడవవాడు తిరిగొస్తాడట అంది. ఆ నవల పూర్తి కాలేదే అన్నాను. పూర్తి కాలేదు గాని, ఆవిడ చెల్లెలి పెట్టెలో ఇన్నేళ్ళకు ఈమధ్యే కాగితాలు దొరికాయట, చివరి భాగం ఎట్లా రాయాలో గుర్తులు రాసుకుందట అని చెప్పింది. భార్య గంట కొడుతూనే ఉంటుంది, చేతులు రక్తాలు కారినా ఆపదు, ఆ చప్పుడును పట్టుకుని అతను ఒడ్డు చేరతాడు. సబ్బు ప్రకటన తరువాత ఆ సంగతి చెప్పారట. నేను లేచి వెళ్ళి పెరట్లో ముఖం కడుక్కుని వచ్చాను.

వంటామె కూతురు భద్రాచలంలో సర్కారు దవాఖానాలో నర్సుగా చేస్తోందనీ, తల్లి ఆ పిల్ల దగ్గరే ఉంటోందనీ పాత విద్యార్థినుల ద్వారా తెలుసు. నంబరు కూడా నా దగ్గర ఎప్పటినుంచో ఉంది. దీపాలు పెట్టాక, మా అబ్బాయి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, ఫోను చేశాను. కూతురు పలికి, నా పేరు వినగానే, అమ్మకిస్తాను టీచరు గారూ అంది. ముసలి గొంతు వచ్చింది. బాగోగులు అడిగాక, ఆ టోపీ అమ్మ కథకు చివర దొరికిందని, చెబుతానని అన్నాను. ఆమె వెంటనే, మీ ఇంట్ల అందరు వచ్చిన్రా అని అడిగింది. వచ్చారన్నాను. మరి చెప్పు అంది.

చెప్పలేకపోయాను. దానికి ముందు చెప్పాల్సింది వేరే ఉందని, నలభై ఏళ్ళకు పైగా గొంతులో పెట్టుకున్నది చెప్పేశాను. ఆ రోజు కేక విన్నానని, విని కూడా కిటికీ మూశానని, నన్ను క్షమించమని.

"గా కేక నేను గూడ ఇన్న టీచరమ్మా. గాయన గొంతే. గంట కొడ్తదా లేదా, గదొక్కటి ఇని లేద్దామనుకున్న."

ఇన్నేళ్ళూ నన్ను ఒక్కమాట అనకపోవడానికి ఆమె మంచితనం కారణమనుకున్నాను. నా కిటికీ గురించి నేనెంత కుమిలానో, తన చాప గురించి ఆమె అంతకు వందరెట్లు కుమిలిందన్నమాట. గంట కొట్టిందనే చెప్పు అని గుమ్మంలో నిలబడి అడిగిన రోజున ఆమె అడిగింది ఏమిటో అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం?

"గిప్పుడు చెప్పు. గంట కొట్టిందా?"

చేతులు రక్తాలు కారేలా కొట్టిందని, అందుకే అతను బతికాడని ఆ కాగితాల్లో ఉంది. పుస్తకంలో లేనిది నా నోటితో ఒక్కనాడూ చెప్పినదాన్ని కాదు. ఆ సాయంత్రం చెప్పాను. గంట కొట్టే పనే పడలేదు, తాడు పట్టుకునేలోపే మంచు దానంతటది విడిపోయింది, అతనికి రేవు కనపడింది, తనంతట తనే వచ్చేశాడు అన్నాను. అట్లనా అంది. కొట్టకున్నా వచ్చిండా అని మళ్ళీ అడిగింది. వచ్చాడన్నాను. మంచిగైంది అని, ఫోను కూతురికి ఇచ్చేసింది.

ఆ వాగు మీద ఇప్పుడు వంతెన ఉందట. కార్లే పోతున్నాయట. గుట్ట మీది నుంచి ఎవరూ కేక వేయరు, వచ్చేముందే ఫోను చేస్తారు. గుండిగ మూతకు అన్నం మీద ఆవిరి ఆపడం తప్ప వేరే పని లేదు. కథలకు వేళాపాళా లేదు, పొద్దున్న బస్సులో, మధ్యాహ్నం చాప మీద, నడుస్తూ, తింటూ, ఎప్పుడూ ఏదో ఒకటి అందరి చెవుల్లో పోతూనే ఉంటుంది. అంతా మంచికే కావచ్చు, ఒక వంతెన వచ్చినందుకు విచారించేంత మూర్ఖురాలిని కాను. కాని నిజంగా ఎవరైనా కేక వేస్తే వినడానికి ఎవరి చెవి ఖాళీగా ఉంటుందా అని మాత్రం అనిపిస్తుంది. మా ఇంట్లో వాన ఎంత కొట్టినా నేను కిటికీలు మూయనివ్వను. కోడలు తడిసిన నేల తుడుచుకుంటూ గొణుక్కుంటుంది. గొణుక్కోనీ.